గోడలపై రంగువ్రాతలు: దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములలో మాసిపోవుచున్న ప్రకటనల ఛాయాచిత్రణము

శాసనమనగానే మనకు రాయియు రాగిరేకును స్ఫురించును. తెలుగునేలపై పూర్వులు చెక్కించిన వ్రాతలను వెదకి, ముద్రాప్రతులు తీసి, పాఠమును పరిష్కరించి ప్రకటించుట మన పరిశోధకులకు చిరకాలముగా అలవడిన పని. హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధకమండలివారు 1935 లో 'తెలంగాణా శాసనములు' అను సంపుటమును వెలువరించిరి. అట్టి సంపుటములను చదువువారు అందు రాజుల వంశక్రమమును మాత్రమే వెదకరు. పన్నుల పేర్లు, కొలతలు, చేల హద్దులు, నాటి పలుకుబడి, లేఖకుని తప్పులు సైతము వారికి చరిత్రసామగ్రియే. సురవరము ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) వ్రాసినపుడు కావ్యములలో చెదరియున్న తిండిని, బట్టను, ఆటను, ఆచారమును పోగుచేసి ప్రజల చరిత్రను నిర్మించిరి. ఆ దృష్టిని ఇంకొక యడుగు ముందునకు జరపినచో మన యెదుటనే యున్న గోడమీది రంగువ్రాత కనబడును. పండ్లపొడి, సిమెంటు, ఎరువు, బీడీ, సబ్బు, చిట్టీల కంపెనీ మొదలగువానిని గూర్చి వ్యాపారులు కూలియిచ్చి వ్రాయించిన ప్రకటనలివి. వీనికి దానము చేసిన రాజు లేడు, మంగళశ్లోకము లేదు. శాపవాక్యమునకు మాఱుగా ప్రక్కగోడమీద 'ఇచ్చట ప్రకటనలు వ్రాయరాదు, అతిక్రమించినవారు శిక్షార్హులు' అను హెచ్చరిక మాత్రము తఱచుగా నుండును.

ఈ వ్రాతలను ఛాయాచిత్రములుగా తీసి భద్రపఱచుట మన తెలుగుశాఖలు చేపట్టదగిన పని యని మా యభిప్రాయము. ఐతే నేడు ముచ్చటకొఱకు తీయుచున్న విధమున అక్షరమును మాత్రమే అందముగా తీసినచో అది సాక్ష్యము కాజాలదు. అక్షరముతోబాటు గోడను, గోడతోబాటు దారిని పట్టుకొన్న చిత్రమే చరిత్రకు పనికివచ్చును. ఇది ఏల యిట్లు చెప్పవలసివచ్చినదో తెలియుటకు ఒక్క ప్రదేశమును గైకొని విచారించుట మేలు.

మేము గైకొన్నది హైదరాబాదునకు తూర్పున, విజయవాడకు బోవు రాజమార్గముపై మలక్‌పేట దాటినది మొదలు ఎల్.బి.నగర్ చౌరస్తా వఱకు గల భాగము, దాని కిరుప్రక్కలనున్న పాతయూళ్ళు. ఈ దారికి జాతీయరహదారుల పట్టికలో మునుపు 9 వ సంఖ్య యుండెను. 2010 లో సంఖ్యలు మాఱినపిదప 65 అయినది. దిల్‌సుఖ్ రాం పర్షాద్ అను జాగీరుదారు తన భూమిని ఇండ్లస్థలములుగా విభజించి యిచ్చుటవలన దిల్‌సుఖ్‌నగర్ అను పేరు వచ్చినదందురు. లాల్‌బహదూర్‌నగర్ మన ద్వితీయ ప్రధానమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేర వెలసినది, నేడు ఎల్.బి.నగర్ అనినగాని ఎవరికిని తెలియదు. ఈ రెండు పేర్లును కొత్తవి. వీని క్రింద గడ్డిఅన్నారము, సరూర్‌నగరు, కొత్తపేట, కర్మన్‌ఘాట్, నాగోలు, మన్సూరాబాదు అను ఊళ్ళు అణగియున్నవి. చెఱువు, గుడి, మసీదు, కోమటి యంగడి, తోటలు, బండ్లబాట గల యూళ్ళవి. గడ్డిఅన్నారమును, ఎల్.బి.నగరును వేఱువేఱు పురపాలకసంఘములుగా నుండి, 2007 ఏప్రిలులో మహానగరపాలకసంస్థలో కలిసినవి. 2018 సెప్టెంబరు 24 న అమీర్‌పేటనుండి ఎల్.బి.నగర్ వఱకు మెట్రో రైలు నడచినది. కావున ఇచ్చట పాత పల్లెపట్టణమును చూడగోరువాడు ఊరు దాటి పోనక్కఱలేదు. మెట్రో స్తంభములకు వెనుకనున్న రెండవ, మూడవ వరుస గోడలను చూచిన చాలును.

రంగుప్రకటన ఎచ్చట వ్రాయుదురన్న ప్రశ్న ముందు తేల్చుకొనవలెను. ఇంటి ముఖభాగము అంగడి యజమానిది. అందుపై ఆయన పేరుబోర్డు ఉండును. ప్రకటనకంపెనీ వెదకునది ఇంటి ప్రక్కగోడను. దారిని వచ్చువానికి ఎదురుగా, కిటికీలు తక్కువగా, నేలనుండి కొంత ఎత్తున విశాలముగా పఱచుకొన్న గోడ కావలెను. నిజాము రాష్ట్రపు రైల్వేవారు 1932 లో 27 బస్సులతో రోడ్డురవాణా శాఖను ప్రారంభించినది మొదలు దూరపు ప్రయాణమునకు రోడ్డే దారియైన యూళ్ళలో ఈ ప్రక్కగోడలకు విలువ కలుగుచు వచ్చినది. నడచువాడు నిలిచి నాలుగు పంక్తులు చదువగలడు. బస్సు కిటికీలోనుండి చూచువాడు నాలుగు మాటలకంటె నెక్కుడు చదువలేడు. అందుచేతనే రహదారివైపు గోడమీద సరకు పేరు, ఒక బొమ్మ, ఒక చిన్న వాక్యము మాత్రముండును. ఊరిలోపలి సందుగోడమీద ధర, చిరునామా, యజమాని పేరు, ఫోనుసంఖ్య, సరకుల పట్టిక యన్నియు నుండును. వ్రాత పొడవును చూచియే ఆ గోడ యెదుట జనులు నడచిరో, బండ్లు పరుగెత్తెనో గ్రహింపవచ్చును.

ఇంతకంటె ముఖ్యమైనది దిక్కు. తూర్పుముఖముగ వ్రాసిన ప్రకటన తూర్పునుండి నగరములోనికి వచ్చువారి నుద్దేశించినది. పడమటిముఖము గలది నగరమునుండి పోవువారి కొఱకు వ్రాసినది. విత్తనములు, ఎరువులు, పంపుసెట్లు ఏ దిక్కునకు చూచుచున్నవో, పట్టుచీరలు, వైద్యశాలలు ఏ దిక్కునకు చూచుచున్నవో లెక్కింపగలిగినచో, నగరము పల్లెకు ఏమి అమ్మజూచెనో తెలిసిపోవును. రహదారిని వెడల్పు చేసినపుడు మొదటివరుస యిండ్లు పోయి, వెనుకటిదారి యెచ్చటనుండెనో చెప్పువారే లేకుండుట కలదు. అట్టిచోట కొత్తభవనమునకును పాతయింటికిని నడుమ జానెడు సందులో చిక్కుకొని, ఎవరికిని కనబడని గోడపై గజమెత్తు అక్షరములుండినచో, ఒకప్పుడు దానియెదుట తెఱపినేల యుండెనని నిశ్చయింపవచ్చును. ఎవడును చూడని చోట గజమెత్తు అక్షరమును డబ్బిచ్చి వ్రాయించు వ్యాపారి ఉండడు గదా.

ఇక వ్రాతపని. పాతయింటి గోడ రాతికట్టడము. దానిపై సున్నపుగిలాబు, తరువాతి యిండ్లకు సిమెంటు గిలాబు. పెయింటరు ముందుగా గోడకు వెల్లవేసి, దానిలో కొంచెము నీలిమందు కలిపి తెలుపును తేటపఱచును. రంగుపొడి అద్దిన నూలుదారమును ఇద్దఱు రెండు కొనల బిగబట్టి మీటినచో గోడపై గీత పడును. ఆ గీతల నడుమ బొగ్గుతోగాని సుద్దతోగాని అక్షరములను పొందించి, పిదప కుంచె పట్టును. చవుకపనికి జాజు, పచ్చమన్ను, మసి మొదలగువానిని బంకతో కలిపిన నీటిరంగు. నిలువవలసిన పనికి అవిసెనూనెలో నూఱినది గాని, తరువాతి కాలమున డబ్బాలలో వచ్చిన ఎనామెలుగాని వాడుదురు. ఏది మాసిపోయినది, ఏది నిలిచినది అనుటకు కారణమిందే యున్నది. జాజును పచ్చమన్నును ఇనుపఖనిజములు, ఎండకు వెలియవు. మసి అసలే వెలియదు. చెట్లనుండియు, తారునుండియు తీసిన కొన్ని ఎఱుపులు మాత్రము ఎండకు పారిపోవును. సీసము కలిసిన పసుపు క్రమముగా మకిలపడును. అందుచేత పాతగోడపై మనకు కనబడు వర్ణసమ్మేళనము వ్రాసిననాటిది కాదు. నేడు నల్లనిగీతలనడుమ తెల్లగా నున్న అక్షరము పూర్వము నిండు ఎఱుపై యుండవచ్చును. రంగులలో సీసమును పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించనీయరాదని కేంద్రప్రభుత్వము 2016 లో చేసిన నియమములు 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినవి. ఆరోగ్యమునకు అది మేలే. అంతకు పూర్వపు గోడను గీకిచూచు పరిశోధకుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట యుచితము. గీకకుండుట అంతకంటె నుచితము.

ఈ ప్రాంతపు గోడలను గూర్చి చెప్పునపుడు జిందా తిలిస్మాత్‌ను విడువరాదు. మూసారాంబాగు వంతెన దాటి మూసీకి ఆవలనున్న అంబర్‌పేటలో తయారగు ఈ యూనానీ మందును హకీము మహమ్మదు మొయిజుద్దీన్ ఫారూఖీగారు 1920 లో ప్రారంభించిరి. నీలగిరితైలము, కర్పూరము, పుదీనాపువ్వు, వాముపువ్వు ఇందలి ముఖ్యద్రవ్యములు. జలుబునకు, దగ్గునకు, కడుపునొప్పికి తెలంగాణపు ఇండ్లలో వాడుకయైనది. పేరునకు 'సజీవమైన ఇంద్రజాలము' అని యర్థము. దీని గుర్తు ఒక ఆఫ్రికా యోధుని బొమ్మ. నిజాము కొలువున ఆఫ్రికా జాతీయుల అశ్వదళముండెను, నగరమునందలి ఏ.సి. గార్డ్స్ అను పేట పేరు ఆ దళమునుండి వచ్చినదే. హైదరాబాదు సంస్థానములో ఉర్దూ పాలకభాష, తెలుగు, మరాఠీ, కన్నడములు ప్రజల భాషలు. నాలుగు లిపులలో ఏదియు రానివాడే యధికుడైన దేశమున బొమ్మయే పేరగును. సరకును అక్షరముచేత గాక ఆకారముచేత గుర్తింపజేయుటలో ఈ యోధుని బొమ్మ చేసిన పనిని మించినది దక్కనులో మాకు కనబడలేదు.

దీనిని అమృతాంజనముతో పోల్చిచూచుట ఉపయుక్తము. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893 లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించి, దాని లాభముతో 1908 లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించిరి. 1914 లో మద్రాసున అది దినపత్రిక యయ్యెను. అనగా ఒక తలనొప్పిమందు ఒక భాషకు పత్రికనిచ్చినది. చదువరుల లోకమున ప్రకటనకు కాగితము చాలును. హైదరాబాదు సంస్థానములోని పల్లెవానికి పత్రిక రాదు, వచ్చినను చదువుట కష్టము. కావున ఇచ్చటి మందునకు గోడ యవసరమయ్యెను. ఇరుప్రాంతముల సాంఘికస్థితిలోని భేదమునకు ఈ రెండు మందుల ప్రచారవిధానముకంటె మంచి యుదాహరణము దొరకుట కష్టమని మా తలంపు. సాహిత్యచరిత్రకారులు గోలకొండ పత్రిక (1926) ప్రారంభముతో తెలంగాణమున పఠనవ్యాప్తిని చెప్పుదురు. సరియే. గోడను చదివినవాడు పత్రికను చదివినవానికంటె అనేకరెట్లు అధికుడు. వాని చదువు మన చరిత్రలలో నెక్కలేదు.

ప్రభుత్వమును గోడను బాగుగనే వాడుకొన్నది. కుటుంబనియంత్రణపు ఎఱ్ఱత్రికోణము 1960 లనుండి ఆసుపత్రిగోడలకు, బడిగోడలకు ఎక్కినది. ఎన్నికల వ్రాతలు వేఱొక గ్రంథమునకు తగినంత విషయము. 1982 లో తెలుగుదేశము పుట్టినపిదప పసుపురంగు గోడలనెట్లు కప్పినదో ఆ తరము వారెఱుగుదురు. 1990 తరువాత ఎన్నికలసంఘము కట్టుదిట్టముచేయుటతో ఆ వ్రాతలు తగ్గినవి. మా విషయము వ్యాపారము కావున దీనిని ఇంతటితో విడుతుము.

తెలుగుశాఖకు అత్యంతము ఆసక్తి కలిగింపవలసినది ఈ వ్రాతల భాష. వ్యావహారికవాదము గెలిచినది, పత్రికలలో, కథలలో, పాఠములలో గ్రాంథికము వెనుకబడినది. గోడమీద మాత్రము అది చావలేదు. 'ఇచ్చట అన్ని రకముల సరకులు లభించును', 'ఆర్డర్లపై తయారుచేయబడును', 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును', 'అనుమతి లేనిదే లోనికి రారాదు', 'అప్పు అడుగరాదు' అను వాక్యములు నేటికిని దిల్‌సుఖ్‌నగర్ సందులలో కుంచెతోను, కంప్యూటరుతోను వ్రాయుచునే యున్నారు. ఇంటిలో 'దొరుకుతయ్' అని పలుకువాడు అంగడిముందు 'లభించును' అని వ్రాయించును. గ్రాంథికమును గూర్చి ఒక్క వ్యాసమైన చదువని ఈ అంగడివాడు దానికి చివరి పోషకుడైనాడు. దీనికి కారణమేమి? బోర్డు మాటలాడుట లేదు, ప్రకటించుచున్నది; దానికి తగిన గాంభీర్యము 'ను' కారముతోనే వచ్చునని వాని నమ్మకము. కర్మణిప్రయోగమునకు ఆంగ్లపు నోటీసుల యనుకరణము మూలమని కొందఱందురు. 'అద్దెకు ఇవ్వబడును' అనుదానికది వర్తించునేమో గాని, 'లభించును' అనుదానికి వర్తింపదు.

ఐతే కంపెనీల ప్రకటనలు వేఱుదారి పట్టినవి. పాతవి 'వాడుడు', 'త్రాగుడు' అని విధ్యర్థకమును గ్రాంథికముగ వాడగా, తరువాతివి 'వాడండి', 'తాగండి' అని మాఱినవి. అంగడివాడు తన బోర్డున గ్రాంథికమును నిలుపుకొన్నాడు. పైనుండి వచ్చిన కంపెనీ వాడుకభాషలోనికి దిగినది. ఒకే గోడమీద, ఒకే పెయింటరు కుంచెతో, ఈ రెండును ప్రక్కప్రక్కన నుండవచ్చును. ఈ మార్పు ఏ యేండ్లలో జరిగినదో, ఏ సరకుతో మొదలైనదో నిర్ణయించుటకు గోడల ఛాయాచిత్రముల సంకలనము వంటి యాధారము వేఱొకటి లేదు. పత్రికలలోని ప్రకటనలు మద్రాసునందును బొంబాయియందును కూర్చినవి. గోడవ్రాత ఊరిలో, ఊరివాని చేత, ఊరివాని వర్ణక్రమముతో వ్రాయబడినది.

ఆ వర్ణక్రమమును చూడుడు. దిల్‌సుఖ్‌నగర్ అను పేరులో మనకు పరాయివైన పొల్లులు మూడు. వానిని నిలిపి 'దిల్‌సుఖ్‌నగర్' అని వ్రాయువారు కలరు. వత్తులుగా కలిపి 'దిల్సుఖ్నగర్' అనువారు కలరు. మహాప్రాణమును విడిచి 'దిల్‌సుక్‌నగర్' అనువారును కలరు. లాల్‌బహదూర్‌నగర్ అనునది ఎల్.బి.నగర్ అయి, చుక్కలు జాఱిపోయి, 'ఎల్బీనగర్' అను ఏకపదమైనది. ఆంగ్లాక్షరముల పేర్లు రెండు తెలుగు సంధిలో కరగి ఒక ఊరిపేరగుట నామశాస్త్రమున గమనింపదగిన సంగతి. హైదరాబాదు, హైద్రాబాదు, హైదరాబాద్ అను మూడును గోడలమీద కలవు. వీనిని తప్పులని దిద్దుట మన పని కాదు. ఏ యేట ఏ రూపమున్నదో గుఱుతించుటయే మన పని.

అక్షరముల వంపునందును కాలము దాగియున్నది. పాతవ్రాతలలో తలకట్టు విడిగా, కత్తిమొనవలె పైకి లేచియుండును. అక్షరమునకు కుడిప్రక్కన నీడ దిద్ది దానిని గోడనుండి ముందునకు వచ్చినట్లు చూపుదురు. బాపుగారి (1933–2014) చేతివ్రాత పత్రికలద్వారా, పుస్తకముల అట్టలద్వారా ప్రసిద్ధమైనపిదప పెయింటర్లు దానిని నేర్చిరి; శుభలేఖలకువలె బోర్డులకును ఆ వంపు వచ్చినది. బాపు అక్షరము గల ప్రకటన 1960 లకు పూర్వపుది కాదని చెప్పుట కది యొక గుర్తు. మూలను చిన్నగా పెయింటరు తన పేరును, ప్రక్కన 'ఆర్ట్స్' అను మాటను వ్రాసికొనుట కలదు. శాసనము చివర లేఖకుని పేరున్నట్లే యిదియు. ఛాయాచిత్రము తీయువారు తఱచుగా ఈ మూలను కత్తిరించి విడుతురు. అంతకంటె నష్టము లేదు.

గోడవ్రాతకు తేదీ యుండదు. ఐనను లోపలి సాక్ష్యములు కలవు. 'నయాపైసలు' అని ధర యున్నచో అది 1957 ఏప్రిలునకును 1964 జూనునకును నడిమిది. రహదారివెంట పాతయూళ్ళలో ధరను హాలీసిక్కాలో చెప్పిన వ్రాత దొరికినచో, ఆ నాణెము 1959 తో చెలామణిలేకుండ పోయినది కావున, అంతకు పూర్వపుదగును. ఆఱంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15 తరువాతిది. దిల్‌సుఖ్‌నగరునకు 500060, ఎల్.బి.నగరునకు 500074, సరూర్‌నగరునకు 500035. కాని 'హైదరాబాదు–36' వలె రెండంకెలు మాత్రమే యున్నచో తొందరపడరాదు. పిన్‌కోడునకు పూర్వమును నగరమున తపాలామండలసంఖ్యలుండెను. 1960 లలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ప్రచురణలమీద 'హైదరాబాదు–7' అని యుండుట అందఱు చూచినదే. 'రంగారెడ్డి జిల్లా' యనినచో 1978 తరువాత. దూరపు ఫోనుకు హైదరాబాదు సంకేతము తొలుత 0842, పిదప 040. చరవాణిసంఖ్య 1995 కు పూర్వముండదు. పురపాలకసంఘముగా గడ్డిఅన్నారము పేరున్నచో 2007 ఏప్రిలునకు ముందు. 'ఆంధ్రప్రదేశ్' అని చిరునామాలో నున్నచో సాధారణముగా 2014 జూను 2 నకు ముందు. ఐతే అంగడివాడు చిరునామాను మార్పింపక బద్ధకించిన సందర్భములు లేకపోలేదు. ఈ గుర్తులన్నియు ఒక యవధిని మాత్రమే నిర్ణయించును. ప్రకటనను ఏటేట తిరిగి దిద్దు వాడుక యుండుటచేత, పైపొర కాలము వేఱు, క్రిందిపొర కాలము వేఱు.

ఈ వ్రాత ఏల నిలిచిపోయినది? శాసనము 1997 లోనే వచ్చినది. బహిరంగస్థలముల వికృతీకరణమును, అసభ్యప్రకటనలను నిషేధించు చట్టమది. దానివలన గోడలు ఖాళీయైనవని మేమనుకొనము. పెయింటరు పనిని తీసికొన్నది చట్టము కాదు, ఫ్లెక్సీ. ప్లాస్టికు పూసిన బట్టపై కంప్యూటరు రంగులను చల్లి గంటలో ముద్రించి యిచ్చు యంత్రము వచ్చినపిదప, రెండుదినములు నిచ్చెనపై నిలుచువానికి కూలి యిచ్చువాడు లేకపోయెను. దిల్‌సుఖ్‌నగరు కంప్యూటరు శిక్షణకేంద్రములకును, విద్యార్థుల వసతిగృహములకును పేరుపొందిన చోటు. తన గోడలను ముందుగా ఫ్లెక్సీకి అప్పగించిన పేటలలో నదియు నొకటి యగుట వింత కాదు. కోణార్క్, వెంకటాద్రి సినిమాశాలలున్న ఈ దారిలో చేతితో వ్రాసిన చిత్రపటములకును అదే గతి పట్టినది. తుదకు 2020 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము నేలనుండి పదునైదడుగుల యెత్తుకు మించిన ప్రకటనఫలకములను నిషేధించినది. ఇంతలో రోడ్డు వెడల్పు, మెట్రో, ఎల్.బి.నగర్ చౌరస్తాలో వంతెనలు, క్రిందిదారులు. కొత్తపేటలోని గడ్డిఅన్నారము పండ్లమార్కెటు 2021–22 లో బాటసింగారమునకు తరలుట. మార్కెటు పోయినచోట దళారిదుకాణముల పేర్లు వ్రాసిన గోడలును పోవును. రాతిశాసనము నేలలో పడియున్నను వెయ్యేండ్లు నిలుచును. గిలాబుపై వ్రాత గిలాబుతోనే రాలిపోవును. దానికి రెండవ యవకాశము లేదు.

కావున ఛాయాచిత్రణవిధానమును గూర్చి కొంత వివరముగ చెప్పవలసియున్నది. మొదటి చిత్రము దూరమునుండి తీయవలెను. అందు గోడయు, ఇల్లును, దారియు, ప్రక్క కట్టడములును పడవలెను. రెండవది గోడకు సరిగ్గా ఎదురుగా నిలిచి, అంచులు సమాంతరముగ వచ్చునట్లు తీయునది. గడ్డిఅన్నారమువంటి ఇఱుకుసందులలో వెనుకకు జరుగుటకు చోటుండదు. అచ్చట ఒకదానిపై నొకటి మూడవవంతు కప్పునట్లు వరుసగా తీసి తరువాత కూర్చుకొనవలెను. వెడల్పుకటకముతో ఒక్కసారిగా తీసినచో అక్షరముల కొలతలు చెడును. మూడవది మూలల చిత్రము. పెయింటరు పేరు, పొరలు లేచినచోటు, గిలాబు మందము ఇందు పడును. ప్రతిచిత్రములోను ఒక కొలబద్దను, రంగులపట్టికను చేర్చవలెను. శాసనపు ముద్రాప్రతికి కొలత లేకున్న మనము అంగీకరింపము. దీనికి మాత్రము మినహాయింపేల?

వెలుతురు విషయమున రెండు వేళలు కావలెను. రంగును తెలిసికొనుటకు మబ్బుపట్టిన ఉదయము, లేదా గోడ నీడలో నున్న సమయము మేలు. రంగు పూర్తిగా పోయి, కుంచె త్రోవమాత్రము మిగిలినచోట ఏటవాలు ఎండ కావలెను. తూర్పుగోడకు పదిగంటలు దాటినతరువాత, పడమటిగోడకు మధ్యాహ్నము తొలిభాగమున సూర్యుడు గోడను ఒరసికొనుచు పోవునపుడు ఎనామెలు అంచు నీడవేసి, లేని అక్షరము కనబడును. గోడపై నీళ్ళు చల్లినచో మాసినవ్రాత క్షణకాలము తేటపడునన్నది పెయింటర్లందఱు ఎఱిగిన కిటుకు. సున్నపుపొరపై బంకరంగు ఉన్నచోట అట్లు చేయుట వ్రాతను కడిగివేయుటయే కావున దానిని మేము సమ్మతింపము. అంతకంటె గణనయంత్రమును నమ్ముట మేలు. గుహలలోని చిత్రముల కొఱకు జాన్ హార్మన్ 2005 లో సిద్ధపఱచిన డీస్ట్రెచ్ అను సాధనము కంటికి కానరాని వర్ణభేదములను విడదీసి చూపును. పరారుణకిరణములకు స్పందించు కెమేరాతో, జాజు పొరక్రింద నున్న మసివ్రాత బయటపడు అవకాశము కలదు. మసి ఆ కిరణములను మ్రింగును, జాజు వానిని చాలవఱకు పోనిచ్చును. నేటి చరవాణులు చిత్రమును తమంతట తాము మెఱుగుదిద్ది, వెలిసిన ఎఱుపును నిండు ఎఱుపుగా చూపుచున్నవి. ముచ్చటకది బాగుండును, పరిశోధనకు దిద్దని మూలచిత్రమునే దాచవలెను.

చిత్రముతోబాటు ఒక పత్రము నింపవలెను. గోడ ఏ దిక్కునకు చూచుచున్నది, నేలనుండి వ్రాత ఎంత యెత్తున నున్నది, ఎన్ని పొరలు, పాఠమేమి, లుప్తాక్షరములెన్ని యను వివరములందులో నుండును. పాఠమును శాసనములకు వ్రాయునట్లే పంక్తిక్రమమున, తప్పులతో సహా వ్రాసి, ఊహించిన అక్షరములను కుండలీకరణములలో నుంచవలెను. ఇంటివారిని అడుగవలసిన ప్రశ్నలును కలవు. గోడకు బాడుగ ముట్టెనా, మాఱుగా ఇల్లంతయు వెల్లవేసియిచ్చిరా, అడుగకయే వ్రాసిపోయిరా? ఈ యర్థశాస్త్రము ఏ కాగితముమీదను లేదు. వృద్ధులైన పెయింటర్లు ఇంకను ఉన్నారు. గోడకంటె ముందు వారియొద్దకు పోవలెనని మా విద్యార్థులకు చెప్పుచుందుము.

ఇతరదేశములలో ఈ పని జరిగినది. ఆంగ్లమున ఇట్టివానిని దయ్యపువ్రాతలని ముద్దుపేరుతో పిలుతురు. బ్రిటనులో ప్రకటనచరిత్రసంస్థవారు 2010 లో ఔత్సాహికులు తీసిన చిత్రములను చేర్చి ఒక భాండాగారమును తెఱచిరి. ఢిల్లీలో హనీఫ్ ఖురేషీ (మరణము 2024) వీధిపెయింటర్ల అక్షరములను సేకరించి, వ్రాసినవాని పేరుతోనే కంప్యూటరు అక్షరములుగా రూపొందించిరి. ఈ రెండవ పద్ధతి శ్లాఘనీయమే. ఐనను తెలుగున అక్షరరూపమే పరమార్థమని భావించి పాఠమును, స్థలమును విడుచుట మాకు సమ్మతము కాదు. అట్లే మాసినవ్రాతపై కొత్తరంగు దిద్ది 'పునరుద్ధరించుట'ను మేమంగీకరింపము. శిథిలాక్షరమును ఉలితో లోతుచేసి శాసనమును బాగుచేసితినను వానిని మనము మెచ్చము.

పని ఆరంభింపగోరువారు వానలు వెడలిన ఆశ్వయుజ కార్తికములలో పూనుకొనుట మంచిది. వానకాలపు నాచు ఎండి రాలును, వేసవి పెళ్ళిళ్ళకొఱకు వేయు వెల్ల ఇంకను పడియుండదు. ముందుగా మెట్రోదారికి వెనుకనున్న గడ్డిఅన్నారము, కొత్తపేట సందులు. ఇల్లు కూల్చి అంతస్తులు లేపుట అచ్చట ఎక్కువ. పిదప సరూర్‌నగరు పాతయూరు, కర్మన్‌ఘాట్. అటుపిమ్మట రహదారివెంట హయత్‌నగరు, చౌటుప్పలు, నకిరేకలు, సూర్యాపేటల వఱకు, పడమటిముఖపు గోడలను ఒకసారి, తిరిగి వచ్చునపుడు తూర్పుముఖపు గోడలను ఒకసారి.